లియోన్‌కు కొత్తగా వచ్చాను, ఏ ఫ్రెంచి సినిమాతో మొదలుపెట్టాలి?

నమస్కారం. పై చదువుకోసం గత నెలలో ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వచ్చాను. ఇద్దరు ఫ్రెంచి అబ్బాయిలు, ఒక స్పెయిన్ అమ్మాయి ఉన్న ఇంట్లో గది తీసుకున్నాను. భాషతోపాటు ఇక్కడి యువకుల తీరు కూడా తెలిసే సినిమా ఏదైనా చెప్పగలరా?

మొదటి జవాబు:

స్వాగతం తమ్ముడూ. సెద్రిక్ క్లాపిష్ 2002లో తీసిన ‘లోబెర్జ్ ఎస్పాన్యోల్’తో మొదలుపెట్టండి. ఆర్థికశాస్త్రం చదివే గ్జావియే అనే పారిస్ కుర్రవాడు విద్యార్థులను మరో ఐరోపా దేశంలో చదివించే ఎరాస్మస్ పథకం కింద ఏడాదిపాటు బార్సిలోనాకు వెళ్లి, ఐరోపాలోని పలు దేశాల విద్యార్థులతో ఒకే ఇంట్లో ఉంటాడు. పేరుకు అర్థం ‘స్పెయిన్ సత్రం’. ఫ్రెంచి నుడికారంలో మాత్రం, ఎవరు తెచ్చుకున్నది వారే తినే చోటు.

అందులో ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిదన్న దృశ్యాన్ని శ్రద్ధగా చూడండి. తిన్న కంచం తీయకుండా పెరిగి వచ్చిన నాకు, నా వంతు గిన్నెలు తోమకపోవడం ఎదుటివారిని అవమానించడమేనని ఒక సహవాసి నేరుగా చెప్పేదాకా తెలియలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. గ్జావియే చివరికి మంత్రిత్వశాఖలో ఉద్యోగం దొరికినా మొదటి రోజే వదిలి పరుగెత్తి, రచయిత కావాలని నిశ్చయించుకుంటాడు.

ఆ తరువాత 2005లో ‘లే పూపే ర్యుస్’, 2013లో ‘కాస్-తెత్ షినువా’ వచ్చాయి. అదే నటుడు రొమాఁ ద్యురిస్ మూడింటిలోనూ ఉన్నందువల్ల అతని ముఖంలో పదకొండేళ్లు నిజంగానే గడవడం కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా విలువైనది మూడవది: నలభైకి చేరువైన గ్జావియే, తన పిల్లల తల్లితో విడిపోయాక, ఆమె పిల్లలను తీసుకుని న్యూయార్క్ వెళ్లిపోతే, వారానికి కొన్ని గంటలైనా తండ్రిగా ఉండాలని పారిస్‌ను వదిలి వెళ్లి, చైనాటౌన్‌లో ఇల్లు వెతుక్కుని, సైకిల్‌పై సరుకు చేరవేసే పనికి కుదురుతాడు. ప్రేమకథలో మగవాడి ఎదుగుదలను పెళ్లితో ఆపకుండా పిల్లల పెంపకం దాకా తీసుకువెళ్లడం నాకెంతో నచ్చింది.

రెండవ జవాబు:

అన్నగారి మాటకు ఒకటి చేరుస్తాను. మొదటి సినిమాలో స్నేహితురాలు ఇసబెల్ నేర్పిన మెలకువలను గ్జావియే ఒక వివాహితపై ప్రయోగిస్తాడు. ఆ భాగాన్ని దయచేసి పాఠంగా తీసుకోవద్దు, నాకది నేటికీ బాధ కలిగిస్తుంది. ఇసబెల్‌తో అతని స్నేహం మాత్రం, ఏమీ ఆశించకుండా ఆడవారితో మెలగడం ఎలాగో చూపుతుంది.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు కాక ఫ్రెంచివే పెట్టుకోండి. తరగతిలో ఆచార్యుడు బార్సిలోనా ప్రాంతపు భాష అయిన కటలాన్‌లోనే పాఠం చెప్పే సన్నివేశం వచ్చినప్పుడు, దాని వెనుక సంగతి మీ ఇంట్లోని స్పెయిన్ అమ్మాయిని అడగండి. భోజనాల దగ్గర మాట కలపడానికి అది మంచి విషయం.