గాలియం నైట్రైడ్ రాడార్‌తో రేంజ్ నిజంగా ఎంత పెరుగుతుంది?

కొల్లేటికొంగ (ప్రశ్న)

కొత్త సైనిక రాడార్ల మీద ఏ వార్త తిరగేసినా రెండు మాటలు తప్పవు: ఏఈఎస్‌ఏ (పంపి, వినే వేల చిన్న మాడ్యూళ్లతో, యాంటెన్నాను తిప్పకుండానే బీమ్‌ను వంచే రాడార్), గాలియం నైట్రైడ్ (ఆ మాడ్యూళ్లలోని చిప్పు చేసే పదార్థం). పాత గాలియం ఆర్సెనైడ్ చిప్పు కంటే ఐదు రెట్లు శక్తి అని కూడా రాస్తున్నారు. అంటే ఇవాళ 100 కి.మీ. చూసే రాడార్‌లో మాడ్యూళ్లు మార్చేస్తే 500 కి.మీ. చూస్తుందా? చూడకపోతే ఇంత ఖర్చు దేనికి?

ఇంకో రెండు సందేహాలు. ఒక మంచి రాడార్ తయారుచేసుకుని విమానం ముక్కులోనూ ఓడ మీదా కొండ మీదా అదే ఎందుకు పెట్టుకోరు? వేల మాడ్యూళ్లలో కొన్ని పోయినా రాడార్ నడుస్తూనే ఉంటుందంటారు, ఎన్ని పోయేదాకా? దయచేసి లెక్కలతో చెప్పండి, బ్రోచర్ మాటలు చాలా చదివాను.

నాలుగోఘాతం

500 మాట అటుంచండి, 150 కూడా నిండదు.

రాడార్ నుంచి బయల్దేరిన శక్తి లక్ష్యాన్ని చేరేలోపు దూరపు వర్గం మేరకు పలచబడుతుంది. తగిలి తిరిగొచ్చే దారిలో మళ్లీ అంతే. రెండూ కలిస్తే దూరపు నాలుగో ఘాతం. రేంజ్ రెట్టింపు కావాలంటే శక్తి 16 రెట్లు పెంచాలి. ఐదు రెట్లకు దక్కేది 5 నాలుగో మూలం, అంటే 1.495. మీ 100 కి.మీ. కాస్తా 149.5 అవుతుంది, అంతే.

ఇదే లెక్క అవతలివాడికీ వర్తిస్తుంది. విమానం ఆర్‌సీఎస్‌ను (రాడార్ కంటికి అది ఎంత పెద్దదిగా కనబడుతుందో చెప్పే కొలతను) పదో వంతుకు తగ్గించాడనుకోండి, మీ రేంజ్ 56 శాతానికి పడుతుంది. వందో వంతుకు తగ్గిస్తే 32 శాతం. అందుకే బ్రోచర్‌లో ‘రేంజ్ 400 కి.మీ.’ అని కనబడితే మూడు అడగాలి: ఎంత ఆర్‌సీఎస్ ఉన్న లక్ష్యానికి, అది ఎంత ఎత్తులో ఉంటే, దొరికే అవకాశం ఎంత శాతం అనుకుని? ఈ మూడూ లేని అంకె, ధర చెప్పి కిలోకో క్వింటాలుకో చెప్పనట్టే.

మరి నైట్రైడ్ దేనికంటారా? దాని బ్యాండ్‌గ్యాప్ (ఎంత వోల్టేజీ ఓర్చుకోగలదో తేల్చే లక్షణం) 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆర్సెనైడ్‌ది 1.4. అందుకే 8, 10 వోల్టుల దగ్గర ఆగకుండా 28కో 50కో పోవచ్చు. అంతే చిప్పులోంచి ఎక్కువ వాట్లు వస్తాయి. సిలికాన్ కార్బైడ్ పలక మీద పెంచుతారు కనుక వేడి కూడా ఆర్సెనైడ్ పలకలో కంటే ఏడెనిమిది రెట్లు సులువుగా కిందికి దిగుతుంది. ఆ లాభాన్ని రేంజ్ కింద ఖర్చుపెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే దండగ వాడకం. యాంటెన్నాను చిన్నది చేయడానికో, ఒక్కో లక్ష్యం మీద చూపు నిలిపే సమయం మిగుల్చుకోడానికో వాడితేనే గిట్టుబాటు.

తూర్పుతీరం

పై లెక్కంతా ఆకాశంలో ఎత్తున ఉన్నవాటికి. సముద్రం మీద అసలు శత్రువు భూమి వంపు. ఈ సూత్రం రాసిపెట్టుకోండి: కనిపించే దూరం కి.మీ.లలో = 4.12 × (యాంటెన్నా ఎత్తు వర్గమూలం + లక్ష్యం ఎత్తు వర్గమూలం). ఎత్తులు మీటర్లలో.

ఓడ మీద యాంటెన్నా 25 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లకు 9 మీటర్ల పైన క్షిపణి వస్తోంది అనుకుందాం. 4.12 × (5 + 3) = 33 కి.మీ. ధ్వనికి 0.9 రెట్ల వేగమైతే ఓడవాళ్లకు మిగిలేది 108 సెకన్లు. 2.5 రెట్లయితే 39. మాడ్యూళ్ల శక్తి వంద రెట్లు చేసినా ఈ 33 కదలదు. స్తంభాన్ని 36 మీటర్లకు లేపితే 37 అవుతుంది. 11 మీటర్ల ఇనుముకు దక్కింది 4 కి.మీ. పైగా అంత ఎత్తున టన్నుల బరువు పెడితే ఓడ పొర్లే స్వభావమే మారిపోతుంది. నైట్రైడ్ ఓడకు ఇక్కడ పనికొస్తుంది: అదే శక్తికి యాంటెన్నా తేలికైతే దాన్ని ఇంకొంచెం పైకి ఎక్కించొచ్చు.

అదే రాడార్‌ను 9,000 మీటర్ల ఎత్తున ఎగిరే విమానంలో పెట్టండి. 10 మీటర్ల ఎత్తున వచ్చేది కూడా 400 కి.మీ. దాకా వంపు చాటుకు పోదు. మన వాయుసేన ఎంబ్రేయర్ విమానం వీపు మీద నేత్ర అనే నిఘా రాడార్‌ను మోయించడం అందుకే. దానికీ ఒక లోపం ఉంది. ఎడమా కుడీ 120 డిగ్రీల చొప్పున 240 డిగ్రీలే చూస్తుంది, ముందూ వెనకా ఖాళీ. ఆ ఖాళీ శత్రువు వైపు పడకుండా విమానాన్ని ఏ దారిలో తిప్పాలన్నది ముందే వేసుకోవాల్సిన లెక్క.

ఇక ‘ఒకే రాడార్ అన్నిచోట్లా’ సంగతి. వానతోనే తేలిపోతుంది. గంటకు 50 మి.మీ. వాన కురుస్తుంటే 10 గిగాహెర్ట్జ్ ఎక్స్-బ్యాండ్‌లో కిలోమీటరుకు ఒకటిన్నర డెసిబెల్ పైనే పోతుంది. 10 కి.మీ. వాన తెర గుండా పోయి రావడానికి 30 డెసిబెళ్లు దాటుతుంది, అంటే వెయ్యిలో ఒక వంతు కూడా మిగలదు. 3 గిగాహెర్ట్జ్ ఎస్-బ్యాండ్‌లో అదే వానకు నష్టం అర డెసిబెల్ లోపు. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం మీద నాలుగు వైపులా కదలకుండా ఉండే ఎంఎఫ్-స్టార్ రాడార్ పలకలు ఎస్-బ్యాండ్‌వి కావడంలో ఆశ్చర్యం లేదు.

నాలుగోఘాతం

తూర్పుతీరం గారు చెప్పినదానికి విమానం వైపు లెక్క కలుపుతాను. ఫైటర్ ముక్కులో పట్టే యాంటెన్నా పళ్లెం ఇంచుమించు 65 సెం.మీ. అనుకోండి. మూలకాల (ఒక్కో మాడ్యూల్‌కు ఉండే చిన్న యాంటెన్నాల) మధ్య ఎడం అర తరంగదైర్ఘ్యం ఉండాలి. అంతకు మించితే బీమ్‌ను పక్కకు వంచినప్పుడు దానికి తోబుట్టువులా ఇంకో దొంగ బీమ్ పుట్టుకొస్తుంది. ఎక్స్-బ్యాండ్‌లో ఆ ఎడం 1.5 సెం.మీ., కాబట్టి 1,470 మూలకాలు పడతాయి, బీమ్ వెడల్పు 3 డిగ్రీల లోపు. ఎస్-బ్యాండ్‌లో ఎడం 5 సెం.మీ., పట్టేవి 130, బీమ్ 9 డిగ్రీలు. 100 కి.మీ. దూరంలో 9 డిగ్రీలంటే 15 కి.మీ. పైన వెడల్పు. అంత వెడల్పులో విమానం ఎక్కడుందో చెప్పలేని రాడార్‌తో క్షిపణి వదలలేం. బెంగళూరులోని డీఆర్‌డీవో ల్యాబ్ ఎల్‌ఆర్‌డీఈ వాళ్ల ఫైటర్ రాడార్ ఉత్తమ్ ఎక్స్-బ్యాండ్‌లో ఉండటానికి కారణం ఇదే.

టంకంపొగ

మాడ్యూళ్లు పోయే సంగతి నేను చెబుతాను. ‘పది శాతం పోతే పది శాతం రేంజ్ తగ్గుతుంది’ అని చాలామంది అంటారు, తప్పు. పంపేటప్పుడు మాడ్యూళ్లు తగ్గితే మొత్తం శక్తీ తగ్గుతుంది, బీమ్ గెయినూ (శక్తిని ఒకే దిక్కుకు కూర్చే బలమూ) తగ్గుతుంది. వినేటప్పుడు గెయిన్ ఇంకోసారి. అంటే ఎకో (తగిలి తిరిగొచ్చే తరంగం) బలం మాడ్యూళ్ల సంఖ్య ఘనం మీద ఆధారపడుతుంది. పది శాతం పోతే 0.9 ఘనం, 0.729. దాని నాలుగో మూలం 0.924. రేంజ్‌లో పోయేది 7.6 శాతం. ఇరవై శాతం పోతే 15 శాతం.

ఇదంతా మాడ్యూళ్లు అక్కడొకటి ఇక్కడొకటి పోతేనే. నిజంగా ఇబ్బంది పెట్టేది మాడ్యూల్ కాదు, దాని వెనక ఉన్న పవర్ సప్లై. ఒక సప్లై కింద 8 లేదా 16 ఉంటే అవన్నీ ఒక్కసారే చస్తాయి, యాంటెన్నా మొహాన పన్ను ఊడినట్టు ఖాళీ పడుతుంది. రేంజ్ పెద్దగా తగ్గదు కానీ సైడ్‌లోబ్‌లు (అసలు బీమ్ పక్కలకు చిందే చిన్న బీమ్‌లు) లేస్తాయి. సైడ్‌లోబ్ లేచిందంటే పక్కనుంచి జామర్ (రాడార్‌ను గందరగోళపరిచే శత్రు ప్రసారం) దూరుతుంది, కింద నేల మీది ఎకోలు లక్ష్యాల్లా కనబడతాయి. కనుక ‘ఎన్ని పోయాయి’ కంటే ‘ఎక్కడ పోయాయి’ అన్నదే ముందు చూడాలి.

మాడ్యూల్ లోపల ఏముందో కూడా చూడండి: పంపే వైపు పవర్ యాంప్లిఫయర్, వినే వైపు లిమిటర్ (ఎక్కువ శక్తిని అడ్డుకునేది), దాని వెనక లో-నాయిస్ యాంప్లిఫయర్ (బలహీనమైన ఎకోను పెంచేది), రెంటినీ యాంటెన్నాకు కలిపే సర్క్యులేటర్, తరంగాన్ని ముందుకూ వెనక్కూ జరిపి బీమ్‌ను వంచే ఫేజ్ షిఫ్టర్, బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్. ఫేజ్ షిఫ్టర్ 6 బిట్లదైతే 64 మెట్లు, ఒక్కో మెట్టు 5.625 డిగ్రీలు. బీమ్‌ను 60 డిగ్రీలకు వంచినప్పుడు మూలకాల మధ్య పరస్పర ప్రభావంతో పంపిన శక్తిలో కొంత వెనక్కి తంతుంది. అది సర్క్యులేటర్ దాటి లిమిటర్‌ను, ఆపైన లో-నాయిస్ యాంప్లిఫయర్‌ను కాల్చే ప్రమాదం ఉంది. నైట్రైడ్ యాంప్లిఫయర్ ఇలాంటి దెబ్బను ఆర్సెనైడ్ దానికంటే బాగా ఓర్చుకుంటుంది. ఈ లాభం బ్రోచర్లలో ఎందుకో పెద్దగా కనిపించదు. (ఆర్సెనైడ్ పాతబడిందని కొట్టిపారేయకండి. హైదరాబాద్‌లో గేటెక్ ఆ చిప్పుల తయారీకే పెట్టిన సంస్థ.)

వేడి లెక్క: మాడ్యూల్ 10 వాట్లు పంపుతూ సామర్థ్యం 40 శాతమైతే తీసుకునేది 25, వేడిగా మారేది 15. పైన చెప్పిన 1,470 మాడ్యూళ్లకు 22 కిలోవాట్లు, డ్యూటీ (మొత్తం సమయంలో పంపే వాటా) 20 శాతం అనుకున్నా సగటున 4.4 కిలోవాట్లు. 65 సెం.మీ. పళ్లెం వెనక రెండు గీజర్లు ఆపకుండా నడిచినట్టు. అందుకే ద్రవంతో చల్లార్చాలి. విమానాల్లో పాలీ ఆల్ఫా ఒలెఫిన్ అనే కృత్రిమ నూనె, నేల మీదా ఓడల్లోనూ గ్లైకాల్ కలిపిన నీళ్లు.

చల్లగా ఉంటే మంచిదే కదా అని ద్రవాన్ని 20 డిగ్రీలకు దింపితే మన తీరంలో కొంప మునుగుతుంది. గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు మంచు బిందువు 28 డిగ్రీలు. ద్రవం అంతకంటే చల్లగా ఉంటే ఐస్ వేసిన గ్లాసు బయట చెమర్చినట్టు చల్లటి పలక చెమరుస్తుంది, ఆ నీళ్లు కనెక్టర్లలోకి దిగుతాయి. లోపలికి వెళ్లే ద్రవాన్ని మంచు బిందువుకు మూడు నాలుగు డిగ్రీలు పైనే ఉంచాలి, లేదా డబ్బాలో పొడి గాలి నింపాలి.

కొల్లేటికొంగ

టంకంపొగ గారూ, ఘనం లెక్క అద్భుతం. నాలుగోఘాతం గారు ‘చూపు నిలిపే సమయం’ అన్నారు, అది అర్థం కాలేదు. డ్రోన్లకూ దానికీ సంబంధం ఉందా?

మిట్టమీదిరాడార్

సంబంధమేమిటండీ, డ్రోన్ కథంతా అదే.

నేల మీది ఎస్-బ్యాండ్ రాడార్ ఒకటి తీసుకోండి. బీమ్ 2 డిగ్రీలు × 2 డిగ్రీలు. చుట్టూ 360, పైకి 30 డిగ్రీలు చూడాలంటే 180 × 15 = 2,700 చోట్ల బీమ్ పెట్టాలి. 6 సెకన్లకోసారి మొత్తం చూడాలనుకుంటే ఒక్కో చోట దక్కేది 2.2 మిల్లీసెకన్లు. 150 కి.మీ. పోయి రావడానికి ఒక పల్స్‌కు 1 మిల్లీసెకను. అంటే ఒక్కో చోట రెండే పల్సులు. రెండు పల్సులతో వేగం కొలవడం, సినిమాలో రెండు ఫ్రేములు చూసి కథ చెప్పడం ఒకటే.

ఇప్పుడు డిజిటల్ బీమ్‌ఫార్మింగ్ పెట్టండి. పంపే బీమ్‌ను నిలువుగా వెడల్పు చేసి, వినేటప్పుడు 15 సన్నటి బీమ్‌లను ఒకేసారి కంప్యూటర్లో తయారుచేస్తారు. ఇప్పుడు చోట్లు 180. ఒక్కో చోట 33 మిల్లీసెకన్లు, 33 పల్సులు. వేగాన్ని సెకనుకు 1.5 మీటర్ల తేడాతో విడదీయొచ్చు. ఇదేమీ ఉచితం కాదు. పంపే శక్తి 15 వంతుల్లోకి పలచబడింది, అదనపు పల్సులతో దాన్ని కూడబెట్టుకుంటున్నాం. మొత్తం శక్తి అంతే, దక్కింది సమయం. కదలని కొండల ఎకో సున్నా దగ్గర ఉంటుంది, సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చే డ్రోన్ దాని పక్కన విడిగా కనబడుతుంది. పాత రాడార్‌లో రెండూ ఒకే బుట్టలో పడేవి, ఫిల్టర్ రెంటినీ కలిపి పారేసేది.

ఇలాంటివాటినే 4డీ రాడార్లంటారు. 4డీ అంటే దూరం, దిక్కు, ఎత్తు, వేగం. 2023 మార్చిలో అరుధ్ర రాడార్లకూ, 2025 మార్చిలో 2,906 కోట్లకు అశ్విని రాడార్లకూ భారత్ ఎలక్ట్రానిక్స్‌తో ఒప్పందాలు కుదిరాయి, రెండూ ఈ తరానివే. మంచు కొండల్లో మాత్రం బరువే రాజు. అక్కడికి భరణి, ఆశ్లేష లాంటివి విడదీసి మోసుకెళ్లగలిగేలా చేశారు, వాటి నుంచి ఇంత పని ఆశించకూడదు.

రెండు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి, 1 కిలోహెర్ట్జ్ పీఆర్‌ఎఫ్‌తో (సెకనుకు వెయ్యి పల్సులతో) ఎస్-బ్యాండ్‌లో గుడ్డి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. రాడార్ వైపు సరిగ్గా ఆ వేగంతో వచ్చేది కొండలాగే కదలనట్టు కనిపిస్తుంది. పీఆర్‌ఎఫ్‌ను రెండు మూడు విలువల మధ్య మారుస్తూ పోవడమే మందు. రెండు, హైవే మీద వంద వేగంతో పోయే కారుకూ అంతే వేగపు డ్రోన్‌కూ డాప్లర్‌లో (కదలిక వల్ల ఎకో ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పులో) తేడా లేదు. ఎత్తు కచ్చితంగా తెలిసే రాడార్‌కే ఆ రెంటినీ వేరు చేయడం సాధ్యం. పక్షుల సంగతి ఇంకా కష్టం. రెక్కల డాప్లర్, ప్రొపెల్లర్ డాప్లర్ వేరువేరుగా ఉంటాయి కానీ అవి కనబడాలంటే చూపు ఇంకా ఎక్కువసేపు నిలపాలి.

నాలుగోఘాతం

స్టెల్త్‌ను (రాడార్‌కు చిక్కకుండా మలిచిన విమానాన్ని) పట్టే వీహెచ్‌ఎఫ్ (మీటర్ల పొడవు తరంగాల) రాడార్ల గురించి ఎవరో తప్పకుండా అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. 1999 మార్చి 27న సెర్బియాలో అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 కూలింది. దాన్ని ముందు పసిగట్టింది పీ-18 రాడార్, తరంగదైర్ఘ్యం సుమారు 2 మీటర్లు. అంత పొడవు తరంగానికి స్టెల్త్ ఆకృతి మలుపులు పెద్దగా పనిచేయవు. కానీ ఆ వెడల్పాటి బీమ్‌తో క్షిపణిని నడిపించలేరు, అక్కడా ఆ పని ఎస్-125 క్షిపణి బ్యాటరీలోని వేరే రాడార్ చేసింది. వీహెచ్‌ఎఫ్ ‘అటు చూడు’ అని చెబుతుంది, కొట్టేది సెంటీమీటర్ తరంగమే.

తూర్పుతీరం

కొంగ గారూ, తీరంలో ఉన్నవాళ్లకు ఇంకొక్కటి. వేసవిలో నేల మీది వేడి పొడి గాలి సముద్రం మీదికి పోయినప్పుడు నీటికి దగ్గరగా డక్ట్ (తరంగాన్ని గొట్టంలా పట్టి ఉంచే గాలి పొర) ఏర్పడుతుంది. నేను పైన ఇచ్చిన 4.12 సూత్రం అప్పుడు చెల్లదు, తరంగం వంపు వెంట జారుతూ పోతుంది. 1 కిలోహెర్ట్జ్ పీఆర్‌ఎఫ్‌తో 150 కి.మీ. దాటినవాటి ఎకో తర్వాతి పల్స్ ఖాతాలో పడుతుంది కదా, 170 కి.మీ. దూరంలో ఉన్న ఓడ తెర మీద 20 కి.మీ. దగ్గర తేలుతుంది. అనుమానం వస్తే పీఆర్‌ఎఫ్‌ను 900 హెర్ట్జ్‌కు మార్చి చూడండి. నిజంగా 20లో ఉన్నది 20లోనే ఉంటుంది. దూరపుది 3 కి.మీ. దగ్గరికి గెంతుతుంది.