హార్డ్‌విక్ మేడ, గాజుకు లోకువ గోడ

మిత్రులారా, ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఉన్న ఒక పాత భవనం మీద అక్కడివాళ్ళు కట్టుకున్న మాట ఇది: “హార్డ్‌విక్ హాల్, మోర్ గ్లాస్ దాన్ వాల్”. గోడ కన్నా గాజే ఎక్కువని అర్థం. అంత్యప్రాస పోకుండా తెలుగులో ఎలా చెప్పవచ్చు?

— “హార్డ్‌విక్ మేడ, గాజుకు లోకువ గోడ” అంటే సరిపోతుందండీ. మేడ అంటే అంతస్తులున్న ఇల్లు, దానికి మూడంతస్తులు ఉన్నాయి కూడా. ‘గాజులు’ అని మాత్రం బహువచనం చేయకండి, చేతి గాజులు గుర్తుకొస్తాయి.

— ప్రాస చక్కగా కుదిరింది. ‘లోకువ’ దగ్గరే నాకు పేచీ. 1590లలో ష్రూస్‌బరీ కౌంటెస్ (అంటే ష్రూస్‌బరీ ప్రభువు భార్య) ఎలిజబెత్, అందరూ బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అని పిలిచే ఆవిడ, కట్టించుకున్న భవనం అది. నమూనా వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారులు చెబుతారు. గాజు బాగా ఖరీదైన రోజులవి, అందుకే అన్ని కిటికీలు పెట్టడం సంపదను ఊరందరికీ చాటడమే. కిటికీల ఎత్తు కూడా పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. కింద పనివాళ్ళు మసలే చోట పొట్టివి, నడిమి అంతస్తులో ఆవిడ నివాసానికి కొంచెం పెద్దవి, ఘనమైన అతిథుల కోసం అలంకరించిన పై అంతస్తులో అన్నిటికన్నా పొడవైనవి. హోదా ఎంతో కిటికీ అంత!

మరి ఇంత గాజు పెడితే ఇల్లు నిలిచేదెలా? పొగగొట్టాలను చాలావరకు బయటి గోడల్లోంచి తీసి లోపలి మందపాటి గోడలోకి చేర్చారు. బరువు మోసే గోడ ఎక్కడికీ పోలేదు, చూపరుల కంటికి ఆనకుండా లోపలికి జరిగింది. అంతేకాదు, బయటి వరుస తప్పకూడదని కొన్నిచోట్ల ఉత్తుత్తి కిటికీలు కూడా పెట్టారు, వాటి వెనక ఉన్నది గోడే. అందుకే “గాజు చాటున గోడ” అంటే కట్టడానికి న్యాయం జరుగుతుందని నా మనవి.

— మీరు చెప్పినది కట్టడం సంగతి. ఆ మాట పుట్టింది మాత్రం బయట నిలబడి, తలెత్తి చూసినవాళ్ళ నోట. వాళ్ళకు కనిపించింది గాజు, దాని పైన ఆరు బురుజుల కొసల మీద రాతిలో చెక్కించిన ‘ఇ.ఎస్.’ (ఎలిజబెత్ ష్రూస్‌బరీ) అనే ఆవిడ పొడి అక్షరాలు. లోపలి గోడ వాళ్ళ లెక్కలో లేదు. అనువాదం వాళ్ళ చూపుకే కట్టుబడాలి, కాబట్టి నా ఓటు ‘లోకువ’కే.