‘డ్రాతో గట్టెక్కాడు’, ‘డ్రాతో సరిపెట్టుకున్నాడు’: ఏది ఎవరికి చెల్లుతుంది?

చదరంగం వార్తల్లో ‘డ్రాతో గట్టెక్కాడు’, ‘డ్రాతో సరిపెట్టుకున్నాడు’, ‘నిలువరించాడు’ అనే మూడు మాటలను ఒకదానికి బదులు మరొకటిగా వాడేస్తున్నారు. ఫలితం ఎలాగూ చెరో అర పాయింటే కదా అనవచ్చు. కానీ ఆ అర పాయింటు ఎవరికి దక్కిన లాభమో, ఎవరికి మిగిలిన నష్టమో చెప్పేది క్రియే కనుక, దాన్ని తారుమారు చేస్తే ఆట కూడా తారుమారుగానే పాఠకుడికి చేరుతుంది.

గట్టెక్కాలంటే ముందు నీళ్లలో ఉండాలి. ‘ఈ గండం గట్టెక్కితే చాలు’ అనేవాడు గెలుపు కోరడం లేదు, మునగకుండా ఉండటమే కోరుతున్నాడు. సరిపెట్టుకోవడం దీనికి పూర్తిగా ఎదురు. ఎక్కువ రావలసినవాడు, లేదా వస్తుందని ఆశపడినవాడు, వచ్చినదానితో తృప్తిపడటం అది. అందుచేత ఒకే ఆటలో ఒకరు గట్టెక్కితే ఎదుటివారు సరిపెట్టుకున్నట్టు లెక్క. 2013 నవంబరులో చెన్నైలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ నాలుగో ఆటలో, నల్లపావులతో ఆడిన నార్వే ఆటగాడు కార్ల్‌సన్ తన శకటు (బిషప్)తో ఏ2 గడిలోని బంటును కొట్టి ఒక బంటు ఎక్కువ సంపాదించుకున్నాడు; ఆనంద్ ఎదురాటకు దారులు వెతుక్కుంటూ లాక్కొచ్చి 64 ఎత్తుల తరువాత డ్రా దక్కించుకున్నాడు. ఆ రోజు గట్టెక్కింది ఆనంద్, సరిపెట్టుకున్నది కార్ల్‌సన్. తెల్లపావులు ఆనంద్‌వి కదా అని ‘సొంతగడ్డపై డ్రాతో సరిపెట్టుకున్న ఆనంద్’ అని శీర్షిక పెడితే, ఆ ఆటలో అతడు పడిన కష్టమంతా చెరిపేసినట్టే.

‘నిలువరించాడు’ది వేరే దారి. దాని కర్మ డ్రా కాదు, ప్రత్యర్థి. పేరులోనూ రేటింగులోనూ పైనున్నవారిని కిందివారు ఆపినప్పుడు అది చక్కగా అతుకుతుంది, అయితే బల్లమీద ఎవరిది పైచేయిగా ఉన్నదో అది చెప్పదు. గెలవవలసిన ఆటను చేజార్చుకున్న కుర్రవాణ్ణి కూడా ‘గ్రాండ్‌మాస్టర్‌ను నిలువరించాడు’ అని మెచ్చుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తక్కువ స్థితి అంతా గండం కాదు. ఇద్దరికీ చెరొక ఏనుగు (రూక్) మిగిలి, ఎదుటివారికి మాత్రం ఒక బంటు అదనంగా ఉన్న ముగింపును తీసుకోండి. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిదోర్ పేరుతో పిలిచే పద్ధతిలో, కాచుకునేవాడు తన రాజును బంటు దారికి అడ్డంగా నిలిపి, ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో ఉంచి ఎదుటి రాజును ముందుకు రానివ్వడు. విసిగి బంటు ఆ మూడో వరుసకే వచ్చిందా, ఏనుగు వెంటనే బల్ల అవతలి అంచుకు వెళ్లి వెనుకనుంచి చెక్‌లు చెబుతుంది. బంటు ముందుకు కదిలిపోయింది కనుక ఆ రాజుకు ఇక చాటు దొరకదు. ఈ పద్ధతి తెలిసినవాడు తడబడకుండా ఆడితే ఓటమి లేదు. కాబట్టి అక్కడ ‘గట్టెక్కాడు’ అనడం కొంచెం అతి. ‘డ్రా నిలుపుకున్నాడు’ అంటే సరిపోతుంది.

లండన్‌లో 2018లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో ఆట అలాంటిది కాదు. నల్లపావులతో ఆడిన అమెరికా ఆటగాడు కారువానాకు ఒక పావు ఎక్కువ, కార్ల్‌సన్‌కు దానికి బదులుగా ఉన్నవి కొన్ని బంట్లు. 68వ ఎత్తులో నల్ల శకటును హెచ్4 గడికి తీసుకువెళితే గెలుపేనని కంప్యూటర్ చూపింది. అయితే ఆ వరుసలో ఆ తరువాత గుర్రాన్ని బల్ల చివరనున్న జీ1 గడిలో పెట్టవలసి వస్తుంది, బల్ల ముందు కూర్చున్న మనిషికి తోచే ఎత్తు కాదు అది. కారువానా దాన్ని ఆడలేదు, 80 ఎత్తులకు ఆట డ్రాగా ముగిసింది. కార్ల్‌సన్ విషయంలో ‘గట్టెక్కాడు’ అనే మాటను నేను నిస్సంకోచంగా వాడతాను.

ఒక సభ్యుని స్పందన: మాట్లాడుకునేటప్పుడు ‘ఓడిపోయే ఆటను డ్రా చేసుకున్నాడు’ అంటాం. అందులో అన్నీ ఉన్నాయి కదండీ, కొత్తగా ఈ విభజన ఎందుకు?

సమాధానం: మీరన్న వాక్యమే అన్నిటికంటే మేలైనదండీ, నాకు అభ్యంతరం లేదు. ‘ఓడిపోయే ఆటను’ అన్నప్పుడే స్థితి తెలిసిపోతుంది, ‘చేసుకున్నాడు’లోని ‘కొను’ ఆ ఫలం ఎవరిదో చెబుతుంది. శీర్షికలో అంత చోటు ఉండదు కనుకనే ఒక్క క్రియమీద ఇంత భారం పడుతోంది. ఎవరిది పైచేయో రాసేవారికి తేలకపోతే ‘డ్రాగా ముగిసింది’ అని ఊరుకోవడం మంచిది, ఆ మాట ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించదు.