ఆగమన కాలంలో సెమీ క్రిస్మస్ జరుపుకోవడం తగునా?

గుంటూరు విశ్వాసి:
ప్రభువు నామమున అందరికీ వందనములు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలమని పిలుస్తూ, ప్రభురాత్రి భోజనపు బల్ల మీద ఊదారంగు వస్త్రం పరచి, ప్రభువు రాకడ కొరకు కనిపెట్టే దినాలుగా మా లూథరన్ సంఘం తరతరాలుగా పాటిస్తోంది. అయితే డిసెంబరు మొదటి వారం నుంచే యౌవనులు, స్త్రీల సమాజం, సండే స్కూలు ఎవరికి వారు సెమీ క్రిస్మస్ పేరుతో ముందస్తు పండుగలు పెట్టుకుంటున్నారు. గత ఏడాది రెండవ ఆగమన ఆదివారం ఉదయం, బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సును ప్రకటించిన పాఠం చదువుకున్నాము. ఆ సాయంత్రమే ఆ బల్ల ముందే కేకు కోశారు. ఊదా వస్త్రం మీద పడిన తునకలను ఒక పెద్దాయన ఏమీ అనకుండా అరచేత్తో దులిపి మడత సరిచేయడం చూశాక నాకు ఈ సందేహం కలిగింది. పండుగను ముందే జరుపుకుంటే కనిపెట్టడమనే మాటకు అర్థం ఏమి మిగులుతుంది?

బెరయ పాఠకుడు:
సహోదరుడా, మీ సందేహం సగం దూరమే వెళ్లింది. సెమీ క్రిస్మస్ లేఖనంలో లేదు నిజమే, కానీ ఆగమన కాలం మాత్రం ఎక్కడ ఉంది? దినములను, మాసములను ఆచరిస్తున్న గలతీయుల విషయమై తన కష్టం వ్యర్థమైపోతుందేమోనని పౌలు భయపడ్డాడు (గలతీ 4:10-11). ప్రభువు సిలువను ప్రతిదినము ఎత్తుకొనమన్నాడు గనుక, శిష్యత్వానికి ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలమని, నాలుగు వారాల ఆగమనమని గడువులు పెట్టడం, మిగిలిన రోజుల్లో ఎలా బ్రతికినా ఫరవాలేదన్న భావానికే దారితీస్తుంది. శ్రమ దినాల్లో మాంసం మానిన వారు ఈస్టర్ మధ్యాహ్నానికి ఎలా మారిపోతారో మనందరం చూస్తున్నదే.

పాత మెథడిస్టు:
బెరయ పాఠకులవారి అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. 1522లో జ్యూరిక్ నగరంలో ఫ్రోషౌర్ అనే ముద్రాపకుని ఇంట్లో కొందరు శ్రమకాలపు నియమాన్ని మీరి సాసేజ్‌లు తిన్నప్పుడు, అక్కడే ఉన్న సంఘ సంస్కర్త జ్వింగ్లీ తాను తినలేదు గానీ, ఆ తరువాత ప్రసంగించి వారి పక్షం వహించాడు. లేఖనం విధించని ఉపవాసాన్ని విశ్వాసుల మీద రుద్దే అధికారం సంఘానికి లేదన్నదే ఆయన వాదన, అందులో నాకు భేదాభిప్రాయం లేదు. కానీ బలవంతం వద్దనడం వేరు, ఆచరణే వద్దనడం వేరు. గలతీయులకు అంత కఠినంగా వ్రాసిన పౌలే, పెంతెకొస్తు దినమున యెరూషలేములో ఉండాలని త్వరపడ్డాడని అపొస్తలుల కార్యములు 20:16 చెబుతోంది.

పోతే, దినములను ఆచరించబోమనే సంఘాలు నిజంగా ఆచరించకుండా ఉంటున్నాయా? డిసెంబరు 31 రాత్రి ఆరాధన పెట్టి, పన్నెండు కొట్టగానే వాగ్దాన కార్డులు పంచని సంఘం మన పట్టణాల్లో అరుదు. ఆ రాత్రి ఆరాధన 18వ శతాబ్దంలో మొరావియన్లనే ప్రొటెస్టంటు శాఖ నుంచి, మా ఉద్యమాన్ని ఆరంభించిన వెస్లీ ద్వారా మా మెథడిస్టులకు వచ్చినదే. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు ఏడుగురు ప్రసంగికులు సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలు ధ్యానించే పద్ధతి 17వ శతాబ్దపు చివర పెరూలోని లిమా నగరంలో కాథలిక్ జెసూట్ గురువుల వద్ద మొదలైందని చెబితే, దాన్ని ఎంతో శ్రద్ధగా జరిపే మన స్వతంత్ర సంఘాల పాస్టర్లు కొందరు ఉలిక్కిపడతారు. తప్పు పట్టాలని ఈ మాట చెప్పడం లేదు, ఆ మూడు గంటలు నాకూ ప్రియమైనవే. క్యాలెండరు అందరికీ ఉంది, దాన్ని ఒప్పుకోవడంలోనే తేడా.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఆగమన కాలం నాలుగు ఆదివారాలుగా స్థిరపడక ముందే, 5వ శతాబ్దంలో గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్సు) తూర్ బిషప్పు పెర్పెత్యూస్, నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ మొదలుకొని క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని నియమించాడు. మన పొరుగున కేరళలోని సిరియన్ క్రైస్తవులు నేటికీ డిసెంబరు 1 నుంచి 25 వరకు ఉపవాస దినాలు పాటిస్తారు. ఎన్ని రోజులన్నది ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉన్నా, విందుకు ముందు ఆకలి ఉండాలన్న తలంపు మాత్రం అంతటా ఒక్కటే. పాతిక రోజుల్లో పది కేకులు తిన్నవాడికి 25వ తేదీ ఉదయం ఏ ఆకలి ఉంటుంది? కాబట్టి నా మట్టుకు నేను సెమీ క్రిస్మస్ తగదనే అంటాను.

కోనసీమ అమ్మగారు:
అయ్యా, మీరు ముగ్గురూ పట్టణపు సంఘాలను మనసులో పెట్టుకొని వ్రాస్తున్నారు. పాస్టరైన మా అయ్యగారి క్రింద ఎనిమిది గ్రామాలున్నాయి. 25వ తేదీన ఆయన రెండు మూడు చోట్లకు మించి ఆరాధన జరిపించలేరు గనుక, మిగిలిన ఊళ్లకు డిసెంబరు మధ్యలో పెట్టే కూడికే క్రిస్మస్, దానికి సెమీ అని పేరు పెట్టింది ఎవరో గాని అక్కడి వారు కాదు. కోతలు అయ్యి చేతిలో నాలుగు డబ్బులున్న వారమది, ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలు కూడా పిల్లల నాటిక చూడడానికి వచ్చి కూర్చుంటాయి. ఊదా వస్త్రం కొనే స్తోమత కూడా లేని ఆ మందిరాల్లో కనిపెట్టడం నేర్పవలసిన పని లేదు, అయ్యగారి బండి శబ్దం కోసం వారు ఏడాది పొడవునా కనిపెడుతూనే ఉంటారు.

పాత మెథడిస్టు:
అమ్మగారూ, నేను అన్న మాటను ఆ ఎనిమిది గ్రామాల మట్టుకు వెనక్కు తీసుకుంటున్నాను. నా అభ్యంతరం ఒకే మందిరంలో, ఒకే సంఘం, నాలుగు పేర్లతో నాలుగుసార్లు జరుపుకోవడం మీదనే.

గుంటూరు విశ్వాసి:
అమ్మగారి మాటతో నా ప్రశ్న ఆకారమే మారిపోయింది. పట్టణ సంఘాల మట్టుకు నాకు ఒక ఆలోచన వస్తోంది. సంఘ క్యాలెండరు ప్రకారం క్రిస్మస్ 25తో ముగియదు, జనవరి 6న, జ్ఞానులు శిశువైన యేసును దర్శించడాన్ని జ్ఞాపకం చేసుకునే ప్రకటన పండుగ వరకు పన్నెండు రోజులు సాగుతుంది. కానీ మా మందిరంలో కొత్త సంవత్సరం వెళ్లిన మరునాడే నక్షత్రాన్ని దించి అటక మీద పెట్టేస్తారు. యౌవనులు, స్త్రీల సమాజం తమ కూడికలను ఆ ఖాళీ రోజుల్లోకి మార్చుకుంటే ఆగమనమూ నిలుస్తుంది, పండుగా తగ్గదు. ఈ మాట సంఘ కమిటీలో ఎత్తితే, హాస్టళ్లలో చదివే పిల్లలు జనవరి 2కే వెళ్లిపోతారనీ, నాటికకు గొర్రెల కాపరులు ఎక్కడి నుంచి వస్తారనీ కార్యదర్శి అడిగారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.