ఎకోలో (గుండె స్కానింగ్‌లో) చెప్పిన ఊపిరితిత్తుల ధమని పీడనాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

మాది నరసన్నపేట. నాలుగేళ్ల మా మేనకోడలికి గుండె కింది గదుల మధ్య గోడలో పుట్టుకతోనే రంధ్రం ఉంది. శ్రీకాకుళంలో తీసిన ఎకోలో ఊపిరితిత్తుల ధమని పీడనం 54 మిల్లీమీటర్లని, విశాఖపట్నంలో తీసినప్పుడు 38 అని వచ్చింది. ఏది నమ్మాలి?

రిపోర్టులు చూస్తే లెక్క కట్టిన దారులే వేరు. మొదటి చోట గుండె కుడివైపు పై, కింది గదుల మధ్యనుండే ట్రైకస్పిడ్ కవాటం నుంచి వెనక్కి చిమ్మే రక్తం వేగం సెకనుకు 3.5 మీటర్లు, దాని వర్గాన్ని 4తో గుణిస్తే 49, కుడి కర్ణిక (కుడి పై గది) పీడనంగా 5 కలిపారు. రెండో చోట రంధ్రం గుండా దూసుకెళ్లే రక్తం వేగం 3.6, అలా వచ్చిన 52ను చేతికి చూసిన పై రక్తపోటు 90 నుంచి తీసేశారు. పుపుస కవాటం (ఊపిరితిత్తుల ధమని మొదట్లో ఉండేది) దగ్గర ఇరుకు లేదని రెండింటిలోనూ ఉంది.

మొదటిసారి పాప గుక్కపట్టి ఏడ్చింది, రెండోసారి మందిచ్చి నిద్రపుచ్చారు. ఇంత తేడా దానివల్లే రావచ్చా? వేగం కాస్త తప్పినా వర్గం చేస్తే పెద్దదవుతుంది కదా, అదే నా బెంగ.

ఆపరేషన్‌కు ముందు కాథెటర్‌తో (రక్తనాళం గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టంతో) నేరుగా కొలవాలని డాక్టరు గారంటున్నారు. మా అక్క చాలా భయపడుతోంది. పిల్లలకు ఈ పరీక్ష చేయించినవారు, ఎకో తీసే అనుభవమున్నవారు దయచేసి చెప్పండి: ఒప్పుకునే ముందు డాక్టరు గారిని ఏమేమి అడగాలి?