జనాకర్షక ప్రభుత్వాలు డబ్బు అయిపోతేనే ఓడతాయా?

సందేహి:
"జనం మా వైపు, మిగతావాళ్లంతా దొంగలు" అంటూ గెలిచిన పార్టీలు కొన్నేళ్లకి సొంత ఓటర్లకే ఎందుకు చేదవుతాయి? ఖజానా ఖాళీ అవడమే కారణం అంటాను. వెనిజులాలో పథకాలన్నీ చమురు డబ్బు మీదే నడిచాయి. 2014 మధ్యలో 100 డాలర్లు దాటిన బ్యారెల్, 2016 మొదట్లో 30 కిందకి పడింది. ఆ పతనం సాగుతుండగానే, 2015 డిసెంబరులో, ఆ పథకాలు పెట్టిన మాజీ అధ్యక్షుడు చావెజ్ వారసులు పార్లమెంటు పోగొట్టుకున్నారు.

లెక్కలపిచ్చి:
మరి టర్కీ? 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. అయినా 2023 మేలో అధ్యక్షుడు ఎర్దోవాన్ మళ్లీ గెలిచాడు.

సందేహి:
2024 మార్చి స్థానిక ఎన్నికల్లో ఆయన పార్టీ రెండో స్థానానికి జారింది కదండీ. దెబ్బ ఆలస్యంగా తగిలింది, అంతే.

పాతకాపు:
డబ్బు ఆగకపోయినా ఓడిన ఉదాహరణ పోలండ్. 2016లో అక్కడి 'లా అండ్ జస్టిస్' ప్రభుత్వం రెండో బిడ్డ నుంచి నెలకి 500 జ్లోటీలు ఇవ్వడం మొదలెట్టింది, 2019లో మొదటి బిడ్డకీ ఇచ్చింది, గెలిచింది. 2023 నాటికి ప్రతిపక్షం "మేమొచ్చినా ఆపం" అని మాటిచ్చింది. ఎవరొచ్చినా వచ్చే డబ్బుకి ఒక పార్టీకే రుణపడి ఉండాల్సిన పనేముంది? అప్పుడు మిగతా కోపాలు పైకొచ్చాయి. ముఖ్యంగా గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన 2020 తీర్పు. ఆ తీర్పిచ్చిన రాజ్యాంగ ట్రిబ్యునల్‌ని తమవాళ్లతో నింపింది ఈ ప్రభుత్వమేనని అందరికీ తెలుసు. 2023 ఎన్నికల్లో దాదాపు 74 శాతం పోలింగ్ జరిగింది. ఎక్కువ సీట్లు వాళ్లకే వచ్చినా మెజారిటీ రాలేదు. ఎనిమిదేళ్లు ఏలాక "అంతా పెద్దలు చేస్తున్న కుట్ర" అంటే ఎవరు నమ్ముతారు? ఆ పెద్దలు ఇప్పుడు మీరేగా!

లెక్కలపిచ్చి:
ఇంకోటి. కాదనేవాళ్లని పక్కన పెట్టేశాక తప్పు జరిగినా చెప్పేవాడుండడు. శ్రీలంకలో 2019 చివర్లో వ్యాట్‌ని 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. 2021 ఏప్రిల్లో రసాయన ఎరువుల దిగుమతి రాత్రికి రాత్రి ఆపేశారు. శాస్త్రవేత్తలు మొత్తుకున్నా వినలేదు. 2020లో పాలక రాజపక్సల పార్టీకి 225కి 145 సీట్లు కట్టబెట్టిన జనమే 2022 జులైలో అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు.

పాతకాపు:
ఒప్పుకుంటా. కానీ సందేహి గారూ, మీ వెనిజులా కథ 2015తో ఆగలేదు. ప్రతిపక్షానికి మూడింట రెండొంతుల సీట్లొచ్చినా, చావెజ్ తర్వాత అధ్యక్షుడైన మదురో దిగలేదు. 2017లో కొత్త రాజ్యాంగ సభ పెట్టి పార్లమెంటు అధికారాలు లాగేసుకున్నారు. మద్దతు పోయింది సరే, కుర్చీ అప్పట్లో పోలేదు. దానికేమంటారు?