హెర్షెల్ ఇంట్లో నేలబండలు పగిలిన మాట నిజమేనా?

ప్రశ్న:
ఇంగ్లండులోని బాత్ నగరంలో, న్యూ కింగ్ వీధి 19వ నంబరు ఇంటి పెరట్లో నుంచి విలియం హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని కనుగొన్నారని చదివాను. ఫొటోల్లో చూస్తే అది పక్క ఇళ్ళతో గోడకు గోడ ఆనించి, తేనెరంగు సున్నపురాయితో కట్టిన మామూలు ఇల్లే గాని, రాజభవనమూ కాదు, వేధశాలా కాదు. దాన్ని మ్యూజియంగా కాపాడుతున్నారంటే, ఆయన పేరు కాక అక్కడ ఇంకేమైనా మిగిలి ఉందా? ఆయనతోపాటు ఎవరెవరు ఉండేవారు? వెనుక గదిలో పగిలిన నేలబండలను మార్చకుండా ఉంచారని ఒకచోట కనిపించింది. అది నిజమేనా, లేక సందర్శకుల కోసం అల్లిన కథా?

మొదటి జవాబు:
నిజమే. ఆ బండలను వంగి చూసి వచ్చాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. 1781 ఆగస్టులో హెర్షెల్ 30 అడుగుల టెలిస్కోపు కోసం మూడడుగుల వ్యాసం గల లోహదర్పణాన్ని ఇంట్లోనే పోతపోయడానికి పూనుకున్నారు. అచ్చు కోసం మట్టిలో గుర్రపు పేడ కలిపి దంచి, జల్లెడపట్టే పని చాలాకాలం సాగింది. ఆ చాకిరీలో చెల్లెలు కరొలైన్ కూడా పాలుపంచుకున్నారు. తీరా పోసే వేళకు కరిగిన లోహం కొలిమి నుంచి కారి నేల మీద పడింది. బండలు పెచ్చులై పైకప్పు దాకా ఎగిరాయని, అన్నదమ్ములూ పోతపనివాళ్ళూ చెరో తలుపు గుండా బయటికి పరుగెత్తారని, అసలు ఆ బండలను ముందే పెకలించి ఉండవలసిందని కరొలైన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. చల్లని రాతిపై అంత వేడి ఒక్కసారిగా పడితే పైపొర వ్యాకోచిస్తుంది, లోపలి తేమ ఆవిరై తన్నుకొస్తుంది; రాయి పేలినట్లు విరగడానికి అంతే చాలు.

ఇక ఆ ఇంట్లోవారిది సంగీతంతో పొట్టపోసుకునే కుటుంబం. విలియం ఆక్టగన్ చాపెల్‌లో ఆర్గన్ వాయించేవారు, కరొలైన్ పాడేవారు, తమ్ముడు అలెగ్జాండర్ సెల్లో వాయిస్తూ టెలిస్కోపుల యంత్రభాగాలు చేసిపెట్టేవారు. వారు 1777లో ఆ ఇంట చేరి, నడుమ రివర్స్ వీధికి మారి, 1781 మార్చిలో తిరిగి వచ్చారు. ఆ నెల 13వ తేదీ రాత్రే, ఏడడుగుల టెలిస్కోపుతో ఆయన చూసి మొదట తోకచుక్క అనుకున్నది యురేనస్. మరుసటి ఏడాది రాజు మూడవ జార్జి 200 పౌండ్ల వార్షిక భృతి ఇవ్వడంతో వారు బాత్ విడిచి వెళ్ళారు. అంటే ఆ ఇంటి కీర్తి అంతా కొద్ది సంవత్సరాల కాపురానిదే.

రెండవ జవాబు:
గోడల గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ ఊళ్ళో ఇంటి చరిత్ర రాతి నుంచే మొదలవుతుంది. బాత్ రాయి చేపగుడ్ల వంటి సన్నని గుండ్రటి రేణువులు అతుక్కుని ఏర్పడిన సున్నపురాయి. గని నుంచి తీసినప్పుడు తడితో మెత్తగా ఉండి రంపానికి లొంగుతుంది, ఆరిన కొద్దీ గట్టిపడుతుంది, ఏ దిశలోనైనా కోతకు వస్తుంది. కూమ్ డౌన్ గనుల యజమాని రాల్ఫ్ అలెన్ ఆ రాతిని విరివిగా అందించడం వల్లే 18వ శతాబ్దపు బాత్‌కు ఆ ఏకరూపం వచ్చింది. తర్వాతి కాలంలో బొగ్గుపొగలోని గంధకం రాతిలోని సున్నంతో కలిసి జిప్సంగా మారి, మసిని పట్టుకుని నల్లటి పొరలు కట్టింది. వాన తగిలే చోట అవి కడుక్కుపోతాయి. చూరు కింద, చెక్కడాల మరుగున మిగులుతాయి. వాటిని గట్టిగా గోకితే రాయి కూడా ఊడివస్తుంది. కీళ్ళలో సిమెంటు నింపడం అంతకన్నా హాని, ఎందుకంటే తడి బయటికి పోయే దారి లేక రాతినే తినేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంటి యజమాని ఎవరైనా ఆ పగిలిన బండలను తీసి కొత్తవి పరిపించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె గుబేలుమంటోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
పరిపించలేదు, అదే మన అదృష్టం. యురేనస్‌ను కనుగొన్న 200 ఏళ్ళకు, 1981లో, ఆ ఇల్లు మ్యూజియంగా తెరుచుకుంది. మీరు వెళితే ముందుగదుల్లో ఎక్కువసేపు ఆగకుండా నేరుగా వెనుక పనిగదిలోకి దిగండి. పగుళ్ళు ఒక చోటి నుంచి చుట్టూ విచ్చుకున్న తీరు చూసి, తల ఎత్తితే పెరటి తలుపు కనిపిస్తుంది.